అక్క లేని సూర్యోదయం

మొన్న మా అమ్మాయి కొత్త ఫోనులో ఫొటో తెరిచి, వెనక నిలబడ్డ ఎవరినో వేలితో ఒక్కసారి నిమిరింది. మనిషి మాయం. "చూడు నాన్నా, పోయిండు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అప్పటికి ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. హనుమకొండలో మా చర్చి గోడకున్న సముద్రపు సూర్యోదయం ఒక్క ఫొటో కాదు, మూడింటిని కలిపి అతికించినది. అందులోంచి నేను తీసేసిన మనిషి మా అక్క.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నేను కెమెరా పిచ్చిలో బాపట్ల బయల్దేరితే, పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదని వెంట వచ్చింది. చీకటితోనే ఇసుకలో స్టాండు పాతాను. అక్క చెప్పులు విడిచి సరిగ్గా కెమెరాకు ఎదురుగా నీళ్ల అంచున నిలబడింది. "జర పక్కకు జరుగక్కా" అని అరుస్తూనే ఉన్నాను. "ఇంకెంత జరగాల్రా, నీళ్లల్లకు పోవాల్నా?" అంది. ఇంతలో సూర్యుడు లేచాడు. ఆమె నా మాట మరిచిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇంటికొచ్చి చూస్తే సూర్యుడు బాగా పడ్డ ఫొటోలోనే అక్క ఉంది. ఆమె ఉన్నచోట వేరే ఫొటోలోని అలలు తెచ్చి అతికించాను. ఇసుక ఇంకో దాంట్లోంచి తీసుకున్నాను. కంప్యూటర్లో స్థలం చాలక అసలు ఫొటోలు చెరిపేశాను. అతికించిన ఫొటోలు పోటీకి పనికిరావన్నారు. ఒక్క క్లిక్కేనని చెప్పి బహుమతి తెచ్చుకున్నాను. సృష్టి మొదటి రోజులా ఉందని పాస్టరుగారు దాన్ని చర్చిలో పెట్టించారు.

ఆ ఆదివారం అక్క సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడు తనకు సముద్రం చూపించాడని, ఆ సూర్యుడు లేచేటప్పుడు తానక్కడే ఉన్నానని చెప్పింది. ఆరాధన అయ్యాక ఆడవాళ్లు ఫొటో చుట్టూ మూగారు. "మరి నువ్వేడున్నవక్కా ఇండ్ల?" అన్నారు. అక్క ఫొటో మూలన చూపించింది. అక్కడ పిన్నీసు పెట్టిన చెప్పుల జత. నేను చెరపడం మరిచినవి. "గవి నా చెప్పులే. అడుగుండ్రి మా తమ్ముణ్ని."

అందరూ నావైపు తిరిగారు. అవునంటే మరి మనిషేదని అడుగుతారు, బహుమతి అబద్ధమవుతుంది. "అక్క రూంల పండుకున్నది. నేనొక్కన్నే పోయిన" అన్నాను. "గట్లయితె మేం గుడ ధర్మసాగర్ చెరువు కట్ట మీద సముద్రం చూసినం" అందొకామె. గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆనాటి నుంచి చర్చిలో ఆమె పేరు ధర్మసాగరక్క. అది చాలక, కొత్త ప్రింటని చెప్పి, చెప్పులు కూడా చెరిపిన ఫొటో తెచ్చి అదే ఫ్రేములో పెట్టాను. అక్క వచ్చి ఖాళీ మూలను చూసింది. వెనక వరుసకు పోయి కూర్చుంది. మళ్లీ సాక్ష్యానికి లేవలేదు.

మొన్న ఫోను చూశాక ఆమెను తిరిగి పెడదామని కూర్చున్నాను. ఏదో పెళ్లి ఫొటోలోంచి అక్కను కత్తిరించి అలల అంచున నిలబెట్టాను. పట్టుచీర, పెళ్లి నవ్వు. సూర్యుడేమో ఆమె వెనక, వెలుగేమో ముఖం మీద. ఇదింకో అబద్ధం. చెరిపేశాను.

ఆ తర్వాతి ఆదివారం వట్టి చేతులతోనే సాక్ష్యానికి లేచాను. మూడు ఫొటోల సంగతి, బహుమతి సంగతి, చెప్పుల సంగతి అందరి ముందూ చెప్పాను. వెనక వరుసకు వెళ్లి అక్క ముందు నిలబడ్డాను.

"కూసో తమ్మీ" అంది, తల ఎత్తకుండా. "ఎవరన్న అడిగితె సముద్రం చూడలేదనే చెప్తాన్న నేను. ఇప్పుడు నాకు గుడ గట్లనే అనిపిస్తాంది."

"తప్పయిందక్కా" అన్నాను. ఆనాడు ఆ ఫొటో కిందే అనవలసిన మాట. అప్పుడే అని ఉంటే ఆ పొద్దు ఇంకా ఆమె దగ్గరే ఉండేది.