గునపం పక్కన కంపాసు

మాచర్ల దగ్గర వెల్దుర్తి దాటాక ఒక కంకర క్వారీ ఉండేది. ఏనాడో లావాగా పారి గడ్డకట్టిన నల్లరాయి అక్కడిది. ఎనభైల్లో నా పీహెచ్‌డీ అంతా ఆ రాతి మీదే ఆధారపడి ఉంది. రాయి పగిలి జరిగినచోట రెండు ముఖాలూ ఒరుసుకుని సన్నటి గీతలు పడతాయి. అరచేత్తో నిమిరితే ఒకవైపుకు నున్నగా, ఎదురుగా నిమిరితే గరుగ్గా తగులుతుంది. అలా ఎటు జరిగిందో తెలుస్తుంది. అలాంటి పగుళ్లు చాలా కొలిస్తే, కోట్ల ఏళ్ల కిందట ఆ నేలను ఒత్తిడి ఏ దిక్కునుంచి నలిపిందో లెక్క కట్టొచ్చు.

క్వారీలో ఒక కట్టుబాటు ఉంది. రాతి మొదలు దగ్గర ఎర్రగుడ్డ కట్టిన గునపం నిలబడి ఉంటే అక్కడ మనిషి ఉన్నట్టు. అది తీసేదాకా పేలుడు మందు వత్తి అంటించరు. మందు కూరే మేస్త్రీని నేను బాబాయ్ అనేదాన్ని. నేను ఏ పగులు దగ్గర కూర్చుంటే అక్కడ, నా మోకాలి పక్కనే, గునపం పాతి వెళ్లేవాడు. రెండు ఎండాకాలాలు అలాగే, దిక్కులు చూపే కంపాసుతో కొలిచాను.

తీరా ట్రేసింగ్ పేపరు మీద గీస్తే దిక్కులన్నీ చెల్లాచెదురు. రాయే అలాంటిదని గైడుతో పోట్లాడాను. ఆయన అంతా విని, కొలిచేటప్పుడు పక్కన ఇనుమేమైనా ఉందా అని అడిగారు. ముల్లు చూపింది ఉత్తరాన్ని కాదు, గునపాన్ని. అదీ ఒకసారి కుడిపక్క, ఒకసారి ఎడమపక్క. ఏ కొలతనూ సరిదిద్దే దారి లేదు. డిగ్రీ పిల్లలకు మొదటి రోజే చెప్పే జాగ్రత్త అది.

ఫెలోషిప్ గడువు నెల ఉంది. మళ్లీ కొలుద్దామని మాచర్ల బస్సెక్కాను. గోరుచుట్టు మీద రోకటిపోటు, నా రాయే అక్కడ లేదు. పేల్చి కంకర చేసి రోడ్డుకు తోలేశారు. ఆ గోతి ఒడ్డున కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను. ఇక చచ్చిపోతే బాగుండునని కూడా అనిపించింది.

బాబాయ్ క్వారీలో కనపడలేదు. ఇంటికి వెళ్లాను. నీ గునపమే నా బతుకు తీసిందని, చదువు లేని మనిషి సాయం ఇలాగే ఉంటుందని, నోటికొచ్చినట్టల్లా అన్నాను.

"మళ్లీ వస్తానన్నావు గదమ్మాయ్. అందుకే ఆ గునపం తియ్యలా. రెండు నెల్లు పేల్చనియ్యలా. చానా గొడవైంది. నన్ను పన్లోంచి తీసేసినాకే పేల్చారు" అన్నాడు.

నేను అనాల్సినవన్నీ అప్పటికే అనేశాను.