రజిత వ్యాసంలో లేని పేరా

నేనాడిన ఒక అబద్ధం ఏళ్ల తరబడి నా గుండె మీద కూర్చుని ఉంది. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకూ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి.

ఆర్మూర్‌లో డిగ్రీ చదివేటప్పుడు రజిత నా క్లాస్‌మేట్. మోర్తాడ్ నుంచి బస్సులో వచ్చేది. తల్లి బీడీలు చుట్టేది, తండ్రి దుబాయ్‌లో ఉండేవాడు. ఆమె రాకముందు క్లాసులో బాగా రాసేది నేనే. ఆమె వచ్చాక హిస్టరీ సార్ నా కాగితాలు ఒకసారి చదివి పక్కన పెట్టేవారు, ఆమెవి మళ్లీ తీసి చదివేవారు. ఆమె నవ్వు, బస్సు ఆలస్యమైందని తలుపు దగ్గర నిలబడే తీరు, అన్నీ నాకు అసహ్యంగా ఉండేవి. ఆమె నాకేం చేసింది? ఏమీ చేయలేదు.

ఆ ఏడు హిస్టరీ సార్ అందరినీ వ్యాసం రాయమన్నారు. బాగున్నది కాలేజీ పత్రికలో వేస్తామన్నారు. ముందు ఒకరిది ఒకరు చదివి సలహాలివ్వాలి, తర్వాత క్లాసులో చదివి వినిపించాలి. రజితది నాకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల సిబ్బంది గురించి. విమానం తోక భాగంలో తుపాకీ పట్టుకుని ఒంటరిగా, వెనక్కి తిరిగి కూర్చునే గన్నర్. చలికి ఇనుముకు అతుక్కుపోయే వేళ్లు. చదువుతుంటే కడుపు మండింది. చివర ఒక పేరా ఉంది. కింద ఊళ్లో, పిల్లను చంకనెత్తుకుని నేలమాళిగలోకి దిగే తల్లి గురించి. పైన విమానంలో ఉన్నవాళ్లకు మంటలే కనబడతాయి, ఈమె కనబడదు అని రాసింది. వ్యాసానికి ప్రాణం అదే. ఆ సంగతి తెలిసే, నీ విషయం సిబ్బంది కదా, ఇదెందుకు, తీసెయ్ అని చెప్పాను. నమ్మింది. తీసేసి కొత్తగా రాసుకుని, ఇంకోసారి చూడమని పాత కాగితాలతో సహా నాకే తెచ్చిచ్చింది. పాతవి ఇంటి దగ్గర పసుపు ఉడకబెట్టే పొయ్యిలో వేశాను.

క్లాసులో ఆమె చదవడం అయ్యాక నేను లేచాను. పైనున్నవాళ్ల వేళ్ల గురించి ఇంత బాధపడ్డావు, కింద చచ్చినవాళ్ల గురించి ఒక్క ముక్కా లేదేం అని అడిగాను. సార్ మెచ్చుకోలుగా తలూపారు.

రజిత నా వైపు తిరిగింది. "నువ్వే తీసెయ్యమన్నవ్ గదనే గా పేరా."

"ఏ పేరా? నేను స్పెల్లింగులే సూసిన సార్. గసొంటిదేం లేకుండె."

"నీ తప్పుకు ఇంకొకల పేరెందుకు చెప్తవ్?" అన్నారు సార్ ఆమెతో. "కూసో."

ఆమె కూర్చుంది. పత్రికలో నా వ్యాసం వచ్చింది. రజిత మళ్లీ దేనికీ రాయలేదు. నేను ఆమె బెంచీ మీద కూర్చుంటే లేచి వెళ్లిపోయేది. అప్పుడు నాకు సిగ్గు కలిగిందనుకుంటున్నారా? లేదు. గెలిచానని తృప్తి కలిగింది.

ఇప్పుడు నేను ఇంటర్ పిల్లలకు హిస్టరీ చెబుతాను. యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా నేలమాళిగలోకి దిగే ఆ తల్లి గురించి చెబుతాను. పిల్లలు కదలకుండా వింటారు. ఎక్కడ చదివారు మేడమ్ అని ఒకమ్మాయి అడిగితే, నాకే తట్టిందన్నాను.

మొన్న ఒక మందుల షాపులో కౌంటర్ వెనక రజిత కనబడింది.

"రజితా, గా దినం క్లాసుల..." అన్నాను.

"చీటి ఇయ్యి," అంది నా ముఖం చూడకుండా. "ఎనక జనం నిలవడ్డరు."

మందులు తీసుకుని బయటికొచ్చాను. కోపం వచ్చింది. నా మీద కాదు, ఆమె మీదే. చెప్పుకునే వీలు కూడా ఇవ్వలేదని. ఇన్నేళ్లలో నేను మారిందేముంది?

ఆమె క్షమించదు. క్షమించమని అడిగే ముఖమూ నాకు లేదు. అయినా ఒక్కసారి ఎక్కడో ఒకచోట నిజం రాయాలి. ఆ వ్యాసంలో ఆ పేరా ఉంది. రజితే రాసింది. నేను చదివాను, ప్రతి అక్షరం చదివాను.