మాతృభాష గడిలో రాసిన మాట

మా మేనకోడలికి మేజర్ ఇవ్వరన్న కబురు నాకు మొదట తెచ్చినది మా అన్నయ్య. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు నుంచి మధ్యాహ్నం భోజనానికి ఎప్పుడూ ఇంటికి రాడు, డబ్బా పట్టుకెళ్తాడు. ఆ రోజు డబ్బా ఇంకా హ్యాండిల్‌కి వేలాడుతుండగానే సైకిల్ గోడకు ఆనించి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను పొయ్యి మీంచి పప్పు దించుతున్నాను.

“పిల్ల ఫోన్ సేసినాది. మేజర్ ఇవ్వరంట.”

మా ఇంట్లో అప్పటికి ఏడాదిగా ఆ మాటకు ఒకటే అర్థం. వదినకు చేసిన ఆపరేషన్‌ని రైల్వే ఆసుపత్రి డాక్టర్లు మేజర్ అనేవారు. అందుకని నా నోటికి అదే వచ్చింది.

“మల్లీ ఎవులికి ఆపరేషను?”

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. “ఆపరేషన్ కాదమ్మీ, సదువు. తెలుగు పరీచ్చ పోయిందంట.” తర్వాత నేలవైపు చూస్తూ అన్నాడు, “అత్తకి నువ్వే సెప్పు నాన్నా అన్నాది. నీకు సెప్పలేక నాకు సేసినాది.”

ఆ తెలుగు నేర్పినదాన్ని నేను.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడొక జ్వరం తర్వాత కాళ్ళు సరిగా నిలవలేదు. నాన్న వర్క్‌షాపు నుంచి వచ్చాక సుద్దముక్కతో తలుపు మీద అక్షరాలు రాసి దిద్దించేవారు. నాకు దేవుడి పుస్తకాలు చదువుకోవడం ఆ తలుపు వల్లే వచ్చింది, అందుకు నాన్నకు రోజూ దీపం పెట్టేటప్పుడు దణ్ణం పెట్టుకుంటాను. వర్క్‌షాపులో పనిచేసే మన తెలుగువాళ్ళందరికీ ఊరికి ఉత్తరాలు రాసిపెట్టేది ఆయనే. కళ్ళు తగ్గాక ఆ పని నాకు అప్పగించారు. ఆయన నాకు నేర్పిన పద్ధతి ఒకటే: ఎదటి మనిషి మాట్లాడినట్టే రాయి. ఉత్తరం అందుకున్న తల్లికి కొడుకు గొంతు వినపడాలి, నీ గొంతు కాదు. అలా ఎన్ని ఉత్తరాలు రాశానో. ఒక్కటి కూడా అర్థం కాలేదని తిరిగి రాలేదు.

పిల్ల చేరిన చదువు పేరు అంతర్జాతీయ రాజకీయాలు, ఆర్థిక శాస్త్రం. డిగ్రీలో అలా ముఖ్యంగా ఎంచుకున్నదాన్ని అక్కడ మేజర్ అంటారట. వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో, స్కాలర్‌షిప్ మీద. మా వీధిలో చదువంటే హిజ్లీ, ఊరి చివరున్న పెద్ద ఇంజనీరింగు కాలేజీ. అక్కడ సీటు వస్తే చదువు వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. పిల్ల చేరిన కొత్తలో పక్క క్వార్టర్ పిన్ని వచ్చి అరుగు మీద కూర్చుని వదినను అడిగింది.

“హిజ్లీలో రాలేదేటే?”

“అది అక్కడికి రాయలేదు పిన్నీ.”

“మరిదేటి సదువు, అంతర్జాతీయ రాజకీయాలంటే? మన లైన్లో నల్లాకి నీల్లెందుకు రావో ముందు అది సదవమను.”

“అదీ సదువుద్దిలే,” అంది వదిన వంకాయలు తరుగుతూ. “అది ఆఖరి ఏడు కాబోలు.”

ప్రవేశం ఫారం పిల్ల ఫోన్‌లో నింపుతున్న రోజు కూడా నాకు బాగా గుర్తు. ఒక గడి దగ్గర ఆగింది. “మాతృభాష అని ఉన్నాది. ఏటి రాయను? హిందీ అనేస్తాను. బడిలో అదే కదా సదివినాను.”

వదిన కత్తిపీట పక్కకు జరిపింది. “నువ్వు నన్ను తిట్టినప్పుడు హిందీలో తిడతావా, తెలుగులోనా?”

“తెలుగులోనే.”

“మరింకేటి. అదే రాయి.”

ముగ్గురమూ నవ్వుకున్నాం. పిల్ల తెలుగు అని రాసింది. అప్పటికి దానికి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. హిందీ చక్కగా రాస్తుంది, బెంగాలీ పేపరు గడగడా చదువుతుంది.

మొదటి ఏడు సెలవులకు వచ్చినప్పుడు ఒక కాగితం తెచ్చి బీరువా తలుపుకు అంటించింది. ఆ మేజర్ చేతికి రావాలంటే ఏమేమి పూర్తి చేయాలో అందులో ఉంది. మాకోసం ఒక్కొక్కటీ విడమరచి చెప్పింది. ఒక ఇంటి ఖర్చు నుంచి మొదలయ్యే ఆర్థిక శాస్త్రం ఒకటి, దేశం మొత్తానిది ఇంకొకటి. లెక్కలు, గణాంకాలు. దేశాలు ఎందుకు తగాదా పడతాయో, ఎలా రాజీ పడతాయో చెప్పే పాఠాలు. వ్యాపారం గురించి కొన్ని. ప్రపంచంలో ఏదో ఒక ప్రాంతం చరిత్ర. చివరి ఏడు సొంతంగా ఒక పెద్ద వ్యాసం. అన్నిటికంటే కింద, ఇంగ్లీషు కాని ఒక భాష. మాట్లాడితే చాలదు, చదవాలి, రాయాలి. అది రెండేళ్ళ పాఠం, రెండో ఏడు మొదట్లో ఒక్కసారే మొదలవుతుంది. వదినకు అక్షరాలు రావు. అయినా ఏ వరుస ఎక్కడ ఉందో ఆమెకు తెలుసు. పిల్ల ఫోన్ చేసి ఒకటి అయిందని చెప్పగానే ఆ వరుస మీద కుంకుమ బొట్టు పెట్టేది.

రెండో ఏడు మొదట్లోనే వదిన పడిపోయింది. ఆసుపత్రిలో ఆపరేషన్ అన్నారు. పిల్ల ఎవరినీ అడక్కుండా రైలెక్కి వచ్చేసింది, ఆ టర్ము అంతా వెనక్కి వెళ్ళలేదు, తల్లి మంచం దగ్గరే ఉంది. మిగిలిన పాఠాలు తర్వాత కూడగట్టుకోవచ్చన్నారట. భాష పాఠం మాత్రం తప్పిపోయింది. ఎదురింటి దీదీ రోజూ చేపల పులుసు, అన్నం పంపేది. వార్డులో నర్సమ్మ ఒకామె తన కుర్చీ నాకు వేసేది. వాళ్ళిద్దరినీ ఆ దేవుడు చల్లగా చూడాలి.

దసరా ముందు వదిన వెళ్ళిపోయింది.

పదకొండో రోజు తర్వాత పిల్ల నా దగ్గర కూర్చుంది. “ఇంట్లో మాటాడే బాషలో పరీచ్చ రాసి పాసైతే ఆ పాఠం అక్కర్లేదంట అత్తా. రూలు ఉన్నాది.”

“హిందీలో రాసెయ్ మరి.”

“ఫారంలో ఏది రాసినామో దాన్లోనే రాయాలంట. తెలుగు అని రాసినాం కదా.”

నేను దానికి తెలుగు నేర్పాను. పిల్లది చురుకైన బుర్ర, నెలలోపే గుణింతాలు, ఒత్తులు అన్నీ పట్టేసింది. వాక్యాలు రాయడం దగ్గర మాత్రం తడబడేది. “ఇది ఎలా రాయాలత్తా, అది ఎలా రాయాలత్తా” అని ఊరికే అడిగేది. నేను నాన్న చెప్పిన మాటే చెప్పాను. నువ్వు మాట్లాడినట్టే రాయి, భయపడకు. దాని మొహం విచ్చుకుంది. ఆ పూట నాలుగు పేజీలు ఆగకుండా రాసింది. చదువుకుంటే నాకు కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. నా వల్ల ఒక పని అయిందని దేవుడికి ఎంత చెప్పుకున్నానో.

నేను అచ్చు పుస్తకాలు చదివిన మనిషినే. అందులో ఏమిటి అని ఉంటుంది, మేం ఏటి అంటాం. అక్కడ నేను, ఇక్కడ నాను. అది దేవుడి పుస్తకంలో మాట, ఇది మన మాట అనుకున్నాను తప్ప, పరీక్ష దిద్దేవాళ్ళకు ఆ మొదటిదే కావాలని నాకు తోచలేదు. బడికి వెళ్ళినవాళ్ళకు ఆ సంగతి మొదటి రోజే తెలుస్తుంది. నేను ఏ రోజూ వెళ్ళలేదు.

పరీక్షలో, మీ ఇంట్లో జరిగిన ఒక సంఘటన రాయమన్నారట. పిల్ల తల్లి గురించి రాసింది.

దిద్దిన పేపరు కాపీ అడిగితే ఫోన్‌కి పంపించారు. స్టేషన్ దగ్గర జెరాక్స్ షాపులో అన్నయ్య దాన్ని కాగితం మీద తీయించి తెచ్చాడు. నేను దేవుడి గూడు ముందు కూర్చుని చదివాను. పేజీ నిండా ఎర్ర సున్నాలు. వదిన ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పిన మాటలు పిల్ల ఉన్నవి ఉన్నట్టు రాసింది. “ఏటే, తిన్నావా. నాను బాగున్నాను గానీ నువ్వు ఎల్లిపో, నీ సదువు పోద్ది.” అందులో ఏటే చుట్టూ ఒక సున్నా, నాను చుట్టూ ఒకటి, ఎల్లిపో చుట్టూ ఒకటి, సదువు చుట్టూ ఒకటి. చివర ఒక వాక్యం: భావం బాగుంది, ప్రామాణిక భాషలో రాయడం రాదు. దిద్దినావిడ ఎవరో నాకు తెలియదు. ఒక్క మాట కూడా వదలకుండా చదివింది. అంత శ్రద్ధగా చదివినందుకు ఆమెకు కూడా దణ్ణం పెట్టుకోవాలని కూర్చున్నాను. చేతులు లేవలేదు. ఆ దణ్ణం ఇంకా బాకీగానే ఉంది.

పిల్ల అర్జీ పెట్టింది. అన్నయ్య తనకు వచ్చిన హిందీలో ఫోన్‌లో ఎవరినో బతిమాలాడు. రెండోసారి రాయడానికి వీల్లేదన్నారు. కావాలంటే భాష పాఠం మొదటి నుంచి చదవాలి, దానికి ఇంకో ఏడు ఉండాలి, స్కాలర్‌షిప్ ఆ ఏడుకు ఉండదు. లేదంటే మేజర్ లేకుండా ఉత్త డిగ్రీ తీసుకోవచ్చు. పై చదువుకు ఒకచోట ముందే సీటు ఇస్తామన్నారు గానీ ఈ మేజర్ పూర్తయితేనే. మూడో ఏడు ముగిసేసరికి పిల్ల ఆ కాగితంలో అన్నీ పూర్తి చేసింది, పెద్ద వ్యాసంతో సహా. ఒక్క కింది వరుస మిగిలిపోయింది. ఉత్త డిగ్రీ తీసుకుని ఇంటికి వచ్చేసింది.

“నాను నేర్పింది తప్పే పాపా,” అన్నాను, వచ్చిన రోజు దాని సంచీ సర్దుతూ.

“ఛోడో న, అత్తా,” అంది హిందీలో, వదిలెయ్యమని.

కోపంగా అన్నదేమో అనుకున్నాను. కోపం కాదు. రెండు రోజులు పోయాక అన్నయ్య కూడా గమనించాడు. “ఏటమ్మా, కూర బాగున్నాదా” అంటే “అచ్ఛా హై” అంటోంది. పక్కింటి పిన్ని వచ్చి పలకరించినా హిందీలోనే. పిన్ని ఊరుకోలేదు. “ఏటే, రాజకీయాలు సదివి తెలుగు మరిసిపోయినావా?” అంది. పిల్ల తల దించుకుని నవ్వింది, నోరు మాత్రం విప్పలేదు. తెలుగులో నోరు తెరిస్తే ఎక్కడ తప్పు పడుతుందోనని దానికి భయం పట్టుకుంది. తల్లితో అన్నేళ్ళు మాట్లాడిన నోరది.

ఇప్పుడు మా ఊళ్ళోనే ఖరిదాలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో పిల్లలకు హిందీ చెబుతోంది. పొద్దున్నే టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి వెళ్తుంది, ఎండ తగ్గాక వస్తుంది. పని దొరికినందుకు నేను దేవుణ్ణి తలుచుకుంటాను. దొరకనివాళ్ళు ఎంతమంది లేరు. అది మాత్రం వచ్చి చీర మార్చుకుని గోడవైపు తిరిగి పడుకుంటుంది. బీరువా మీది కాగితాన్ని అదే ఒక ఆదివారం గీకి తీసేసింది. జిగురు మరకలు పోలేదు.

ఈ పరీక్ష పోయాకే నేను అచ్చులో రాసే తెలుగు రాయడం నేర్చుకున్నాను. వారపత్రికలు ముందేసుకుని, ఏటికి ఏమిటి, నానుకు నేను పెట్టుకుంటూ దిద్దుకున్నాను. ఈ నాలుగు పేజీలూ అలా దిద్ది రాసినవే. ఇందులో నా తప్పులు ఎవరికీ కనిపించకపోవచ్చు. అప్పుడు వచ్చి ఉంటే పిల్లకు నేర్పేదాన్ని. ఇప్పుడు వచ్చి ఎవరికి ఉపయోగమో తెలియదు.

చదివినవారిని ఒకటి అడుగుతాను. మేనకోడలి కోసం కాదు, దానికి ఇంకా వయసుంది, దేవుడు దారి చూపిస్తాడనే నా నమ్మకం. నా కోసమూ కాదు. మా వదిన కోసం. ఈ ఊళ్ళో పుట్టింది, ఈ ఊళ్ళోనే రైల్వే క్వార్టర్లో బతికింది, ఒక్క అక్షరం రాయలేదు. ఆమె ఫొటోలు రెండున్నాయి, గొంతు ఏ ఫోన్‌లోనూ పట్టి లేదు. కూతుర్ని చదువుకు తిరిగి వెళ్ళమని చెప్పి చెప్పి పోయింది. మీ ఇళ్ళలో దీపం పెట్టుకున్నప్పుడు మీవాళ్ళ పేర్లు చెప్పుకోవడం అయ్యాక, ఖరగ్‌పూర్‌లో అలాంటి ఒక తల్లి ఉండేదని ఆమెను కూడా ఒక్కసారి తలుచుకోండి.