మందు తాగినవా అని అడిగారు

ఆ ఉదయం గంజి గిన్నె అందించిన సోమన్న నాకు ఇద్దరుగా కనిపించాడు. ఒక్కడితోనే వేగలేని నాకు అది మంచి లక్షణంగా తోచలేదు. నోట్లో నీళ్లూరడం ఆగడం లేదు. ఒళ్లంతా చెమట.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట అది. మేమున్నది భద్రాచలం దగ్గర, గోదావరి మధ్య చిన్న లంక. ఒక కంపెనీ అక్కడి మిర్చి మీద కొత్త పురుగుమందును పరీక్షించింది. పురుగులు బతికాయి, మిర్చి చచ్చింది. సైంటిస్టులు డ్రమ్ములు వదిలేసి వెళ్లిపోయారు. వాటికి కాపలా ఫీల్డ్ అసిస్టెంటునైన నేను, పడవ నడిపే కోయ పెద్దమనిషి సోమన్న. అంతలో వరదొచ్చి నాలుగు రోజులు చిక్కుకుపోయాం. బోరు మునిగింది. నేను బీఎస్సీ చదివినవాణ్ణి కనుక ఖాళీ మందు డ్రమ్మును సబ్బుతో మూడుసార్లు కడిగి, వాననీళ్లు పట్టుకుని తాగాను. సోమన్న బడికి పోలేదు కనుక గోదావరి నీళ్లు వడగట్టి, కాచుకుని తాగాడు.

"ఆ నీళ్లొద్దు సారూ, కంపు కొడ్తున్నయ్" అన్నాడు.

"సబ్బు వాసనలే" అన్నాను.

వరద కాస్త తగ్గగానే నన్ను పడవలో పడుకోబెట్టి దవాఖానాకు చేర్చాడు. డాక్టరు గారు అడిగిన మొదటి మాట: "మందు తాగినవా?"

మా నాన్న చర్చి పెద్ద. నాకు రోషం వచ్చింది. "మా ఇంట్ల ఎవ్వరం ముట్టం సార్."

వాంతులు, విరేచనాలని రాసుకుని సెలైన్ పెట్టారు. గంటలో ఊపిరి అందడం మానేసింది. పరువు మాత్రం క్షేమంగానే ఉంది.

మంచం పక్కనున్న సోమన్న లేచాడు. "తాగే మందు కాదు సారూ, మిర్చికి కొట్టే మందు! ఆ డ్రమ్ముల నీళ్లు తాగిండు."

డాక్టరు గారు నా కళ్లలో టార్చి వేశారు. "పిన్‌పాయింట్ ప్యూపిల్స్! కనుపాపలు సూదిమొనంత అయినయ్. విరుగుడు సూది, అట్రోపిన్, జల్దీ!" తర్వాత నాకేసి తిరిగి, "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దానయ్యా?" అన్నారు.

మూడో రోజు కోలుకున్నాననుకుంటుండగా మెడ దిండు మీంచి లేవలేదు. ఖమ్మం పంపారు. అక్కడి డాక్టరమ్మ "ఇంటర్మీడియట్ సిండ్రోమ్" అన్నారు. పురుగుమందు తగిలిన కొన్నాళ్లకు మెడ, ఊపిరి కండరాలు పట్టు వదిలేయడమట. ఇంటర్మీడియట్ ఫస్ట్ క్లాసులో పాసైనవాణ్ణి; మళ్లీ రాయించడం అన్యాయమనిపించింది. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద రాశాను. గొట్టం తీసి, "ఇగ సొంతంగా పీల్చు" అన్నారామె. పీల్చాను. "అవ్, బతికిండు!" అని సోమన్న వార్డంతా వినబడేలా అరిచాడు. సిస్టర్ కసిరింది, ఆపై తనూ నవ్వేసింది.

ఇప్పుడు తల్లాడలో పిల్లలకు బాటనీ చెబుతున్నాను. ఆదివారం చర్చి పాటలో చివరి మాటను అందరికన్నా ఎక్కువసేపు సాగదీస్తాను. పక్కవాళ్లకు ఇబ్బందే. తగ్గించే ఉద్దేశం లేదు.

ఒక్కటి మాత్రం చేయండి. పురుగుమందు తగిలిందన్న అనుమానం వస్తే, డబ్బా మీది లేబుల్ వెంట తీసుకుని దవాఖానాకు వెళ్లండి. మనకు మాట రాకపోయినా, పరువు చూసుకోకుండా అది నిజం చెబుతుంది.