పీట మీద కూర్చుని చెప్పండి

మా పెద్దమ్మను మట్టిలో పెట్టి వచ్చేసరికి ఆమె తలుపుకి మేకు దిగి ఉంది. మేకుకి దొర బంగళా నుంచి వచ్చిన ఫ్రెంచి కాగితం. లెస్కాలియే రోడ్డు మీది దుకాణందారు చదివి చెప్పాడు: చెరకు తోటలో పనిచేసే తల్లి పోయింది గనక, బాలింతైన ఆమె కూతురూ చంటిబిడ్డా ఇల్లు ఖాళీ చేయాలట.

చలిజ్వరం ఆమెను తీసుకుపోయింది. రక్తసంబంధం లేదు, పక్కింటి మనిషి. తోట కూలీల కాంపంతా ఆమెను పెద్దమ్మ అనేవాళ్లం.

విరిగిన చెరకు బండి చెక్కతో ఒక పీట చేయించుకుంది. బంగళా నుంచి మాట తెచ్చినవాడు దాని మీద కూర్చోవాలి, మంచినీళ్లు తాగాలి, అప్పుడు నోరు విప్పాలి. "నిలబడి చెప్పేవాడు పారిపోడానికి చూస్తుంటాడురా" అనేది.

తుపానుకి కప్పులు లేచిపోయిన ఏడు, మాచేత పని చేయించే సర్దార్ బాట మీంచే అరిచాడు: "ఈ వరసంతా ఖాళీ చేయండి! దొర ఆర్డరు!"

పెద్దమ్మ చెంబుతో బయటికొచ్చింది. "ఎవర్రా ఆ కేకలు? మా కోళ్లు గుడ్లు మానేస్తాయి. ఇలా వచ్చి కూర్చో అబ్బాయ్."

"కూర్చునే టైము లేదు పెద్దమ్మా."

"అరవడానికి ఉందే!"

అందరం పగలబడి నవ్వాం. పాపం, కూర్చున్నాడు. నీళ్లు తాగాడు.

"ఇప్పుడు చెప్పు. ఎందుకు పొమ్మంటున్నారు? ఎక్కడికి పొమ్మంటున్నారు?"

రెండోదానికి జవాబు దొరనే అడిగొస్తానని వెళ్లాడు. మర్నాడు ఎవరూ చెప్పకుండానే పీట మీద కూర్చుని, "పోనక్కర్లేదు. గడ్డి పంపిస్తారట, కప్పుకోండి" అన్నాడు. ఆ గడ్డి కిందే ఇవాళ్టికీ పడుకుంటున్నాం.

ఆమెకు అక్షరం ముక్క రాదు. నాకొచ్చినవి గుళ్లో భజన పాటలు చూసి నేర్చుకున్నవే, తప్పులుంటే ఉండనీ. ఒకటి మాత్రం గర్వంగా రాస్తున్నా: మా కాంపులో ఇవాళ ప్రతి గుమ్మం ముందూ ఒక పీట ఉంది. చెక్క దొరకనివాళ్లు రాయి వేసుకున్నారు.

ఆమె బతికుండగా ఆ తలుపుకి మేకు కొట్టే దమ్ము ఎవడికీ లేకపోయింది.

మేకు నేనే పీకాను. కాగితం తెచ్చినవాడికే తిరిగిస్తాం. బంగళావాళ్లూ, ఇది మీకు చదివి చెప్పే మనిషి ఉండే ఉంటాడు, వినండి. వచ్చే ఆదివారం దీపాలు పెట్టే వేళలోగా మీ మనిషి రావాలి. ఆ బాలింత ముఖం చూసి, ఎందుకు పొమ్మంటున్నారో, ఎక్కడికి పొమ్మంటున్నారో మా భాషలో జవాబు చెప్పాలి. అప్పటిదాకా ఆమె కదలదు. మేం కదలనివ్వం.

పీట కడిగి గుమ్మం ముందు వేశాం. పక్కనే చెంబు నిండా నీళ్లున్నాయి.