రిఫ్యూజ్డ్ వస్తే భయం లేదు

కంప్యూటర్ ల్యాబు మాస్టారు పాతికేళ్లుగా అదే పాఠం అరగదీస్తున్నాడు. "అవతలి కంప్యూటరుని పిలిచిన క్లయింటుకి 'రిఫ్యూజ్డ్' అని వచ్చిందా, కంగారుపడకండి. వద్దని జవాబిచ్చిందంటే అవతల మిషను బతికే ఉంది, మనం తట్టిన ఆ తలుపులో, అదే పోర్టులో, సర్వరు నడవట్లేదంతే. 'టైమౌట్' వస్తేనే భయం. అసలు ఉలుకూ పలుకూ ఉండదు."

అన్నతో ఆయనకు ఆరేళ్లుగా మాటల్లేవు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు, అన్న ఠక్కున కట్ చేస్తాడు. "సిగ్గనిపించదూ మీకు?" అని భార్య విసుక్కుంటే, "కట్ చేశాడంటే కులాసాగా ఉన్నట్టే" అని నవ్వేసేవాడు.

ఈ ఆదివారం ఫోను చివరిదాకా మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

"కట్ చెయ్యలేదుగా, బావగారు మెత్తబడ్డారేమో" అంది భార్య.

మాస్టారు పదకొండోసారి నంబరు నొక్కాడు.

"కట్ చెయ్యి అన్నయ్యా" అని గొణిగాడు. "ఒక్కసారి కట్ చెయ్యి."