పక్క మోడల్ డ్రైవర్

బేతమంగళ బస్టాండు ఎదురుగా మా ఆయనకు జెరాక్స్ అంగడి ఉంది. అంగడి ఆయనది, పని నాది. పెళ్ళికి ముందు కేజీఎఫ్‌లో కంప్యూటర్ కోర్సు చేశాను కాబట్టి పొలాల పహణీలు, దరఖాస్తులు, హాల్ టికెట్లు అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. మా ఆయన వాళ్ళది తరాలుగా కిరాణా వ్యాపారం. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ఆలస్యం చేయకూడదన్నది ఆయనకు ఇంట్లో నేర్పిన పాఠం.

పాత కంప్యూటర్ చెడిపోయి కొత్తది తెచ్చిన రోజు ప్రింటర్ మొరాయించింది. కంప్యూటర్ పంపేది ప్రింటర్‌కు అర్థం కావాలంటే మధ్యలో డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఉండాలి. మా సీడీలో ఉన్నది పాత ముప్పై రెండు బిట్ల కంప్యూటర్లకు చేసింది. కొత్తది అరవై నాలుగు బిట్లది, అందులో అది ఎక్కలేదు. మా మోడల్‌కు సరైనది కంపెనీ సైటులో ఉంది. నెట్ నత్తలా నడుస్తోంది. అంగట్లో అయిదారుగురు నిలబడి ఉన్నారు.

"కంప్యూటర్ లిస్టులో ఇదే మాదిరిది ఇంగొకటి ఉండాది కదా. అది ఎయ్యి," అన్నాడు మా ఆయన.

"అది పక్క మోడల్‌ది. మనది కాదు."

"ప్రింట్ వస్తే చాలు."

వేశాను. ప్రింట్ వచ్చింది.

మూడో రోజే నాకు లోపం కనబడింది. ఆ డ్రైవర్ కాగితాన్ని ఏ ఫోర్ అని కాకుండా లెటర్ సైజుగా లెక్క వేసుకుంటోంది. లెటర్ సైజు కొంచెం పొట్టి. పేజీలో అడుగున ఉన్న వేలెడు భాగం అచ్చు కాకుండా పోతోంది. నేను చేత్తో ఏ ఫోర్‌కు మార్చి పెడితే సరిగ్గా వచ్చేది, కానీ కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలైతే పాత సైజుకే పోయేది. సరైన డ్రైవర్ వేద్దామని మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. "ఆదివారం చూద్దాములే" అన్నాడు. ఆదివారాలు వచ్చి పోయాయి. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు.

కామసముద్రం నుంచి నా స్నేహితురాలు వచ్చింది ఆ రోజుల్లోనే. హైస్కూల్లో ఇద్దరం ఒకే బెంచీ. తెల్లవారుజామున ఆవుల పాలు పిండి డెయిరీకి పోసి, రాగి చేలో పని చేసుకుంటూ, ప్రభుత్వ ఉద్యోగానికి నాలుగేళ్ళుగా చదువుతోంది. వయసు హద్దు ఆ ఏడాదితో సరి. మర్నాడు కోలారులో పరీక్ష. హాల్ టికెట్ తీసుకోవడానికి వచ్చింది.

అంతకు కాస్త ముందే కరెంటు పోయి వచ్చింది. సైజు మార్చాలన్నది నాకు గుర్తు రాలేదు. ఆమెతో మాట్లాడుతూ ప్రింట్ ఇచ్చేశాను.

కాగితం చేతిలోకి తీసుకుని అడిగింది: "కింద ఇంగేమన్నా ఉండాదా? ఫోన్లో చూసినప్పుడు పొడుగ్గా అగపడినట్లుండె."

"అంతే ఉండాది లేవే. ఫొటో వచ్చింది, నెంబరు వచ్చింది. ఇంగేం కావాల?"

బస్సు కదులుతోందని ఆమె పరిగెత్తింది.

పరీక్ష కేంద్రం గేటు దగ్గర ఉన్నాయన కాగితం తిప్పి చూసి "బార్‌కోడ్ ఎల్లి అమ్మా?" అని కన్నడంలో, అది ఎక్కడుందని అడిగాడట. బార్‌కోడూ సంతకం పెట్టే గడీ రెండూ అడుగు భాగంలోనే ఉంటాయి. ఆదివారం, దగ్గర్లో తెరిచిన అంగడి లేదు. బస్టాండు దాకా పరిగెత్తి ఒకచోట ప్రింట్ తీయించుకుని వచ్చేసరికి గేటు మూసేశారు. ఈ సంగతి నాకు చెప్పింది ఆమె కాదు, ఆమె ఊరి నుంచి పహణీ కోసం వచ్చిన ఒకామె.

మా ఆయనతో చెప్పాను. "కాగితం చూసుకోవాల్సింది ఆ యమ్మ కదా," అన్నాడు, తలెత్తకుండా.

ఆ సాయంత్రమే కూర్చుని సరైన డ్రైవర్ నెట్ నుంచి దింపి వేశాను. పట్టింది ఇరవై నిమిషాలు.

మరుసటి వారం కామసముద్రం పోయాను. ఆమె కొట్టంలో పేడ ఎత్తుతోంది. చేతులు కడుక్కుని కాఫీ పెట్టి ఇచ్చింది. తప్పు నాదేనని చెప్పాను. ప్రింటర్, డ్రైవర్, కరెంటు పోవడం, అన్నీ వరుసగా చెప్పుకొచ్చాను. అడ్డం రాకుండా వినింది.

"అట్లా కట్ అయితాదని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"తెలిసి గూడా, నేను అడిగితే, అంతే ఉండాది అన్నావు."

సగం తాగిన గ్లాసు నా చేతిలో నుంచి తీసుకుని తొట్టి దగ్గర పెట్టింది. "బస్సు టైమయింది, పో," అంది. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆమె కాగితాల పని ఏదైనా కేజీఎఫ్ దాకా పోయి చేయించుకుంటుంది. ఆమె ఎక్కే బస్సు మా అంగడి ముందే ఆగుతుంది. ఆమె దిగదు.

ఆ తరువాత నేను పట్టుదలగా నేర్చుకున్నాను. ఏ కంప్యూటర్ ఎన్ని బిట్లది, ఏ ప్రింటర్‌కు ఏ డ్రైవర్, ఫొటోలకు ఏది, పెద్ద కాగితాలకు ఏది, అన్నీ. శ్రీనివాసపురం మామిడి మండీల నుంచి కూడా ప్రింటర్లు మోసుకుని వస్తారు. "డ్రైవర్ సంగతిలో మా ఇంటామెను మించినోళ్ళు ఈ తాలూకాలో లేరప్పా," అని మా ఆయన వాళ్ళతో చెబుతుంటాడు. వాళ్ళు మెచ్చుకోలుగా నా వైపు చూస్తారు. నేను మోడల్ నెంబరు ఎంత అని అడుగుతాను.